మొదటి స్విచ్ ఎవరిది?

యంత్రాలకు అహంకారం ఉండదని అన్న మహానుభావుడెవరో గానీ, ఆయన జన్మలో ఒక్క ప్రారంభోత్సవానికైనా వెళ్లి ఉండడు!

మణుగూరు దాటాక, గోదావరి ఒడ్డున, అడవి గూడేలకు తాగునీరు పంపడానికి కొత్త పంప్‌హౌస్ కట్టారు. పంపును నడిపేందుకు అందులో రెండు కంట్రోలర్లు, రెండు ఇనుప బీరువాల్లో. ఒకటి పని చేస్తుంటే రెండోది కాచుకుని కూర్చుంటుంది. మొదటిది ఆగితే రెప్పపాటులో రెండోది అందుకుంటుంది. గూడేలకు ఒక్క పూట కూడా నీళ్లు ఆగకూడదని ఈ ఏర్పాటు. వాటిని బిగించినవాడు ఖమ్మం పక్క ఖానాపురం హవేలి నుంచి వచ్చిన కాంట్రాక్టు టెక్నీషియన్ పర్వేజ్. వాళ్ల తాత ఖమ్మంలో గడియారాలు బాగుచేసేవాడు. ఆ ఓపిక మనవడికి వచ్చింది పాపం.

ఓపిక ఎందుకంటే, ఈ జంటను లేపడానికో వరస ఉంది. ముందు ఒకదానికి కరెంటు ఇవ్వాలి. అది లేచి పనిలో పడ్డాకే రెండోదానికి. రెంటి మధ్యా ఒక నారింజరంగు కేబుల్ ఉంటుంది. రెండోది దాని గుండా మొదటిదాన్ని పలకరించి, "ఓహో, తమరున్నారా! అయితే నేను వెనక ఉంటా" అని తప్పుకుంటుంది. అంత మర్యాద మనుషుల్లో ఎక్కడిది?

ప్రారంభించేవారు ఇద్దరు. నీటి కమిటీ చైర్మన్ వెంకటరామారావు గారు ఒకరు. రెండోవారు, అయ్యో, రెండోవారు అనకూడదు, ఇంకో మొదటివారు, పెద్ద ఇంజనీరు ఉదయ్ భాస్కర్ గారు.

"సార్, ముందు చైర్మన్ సార్ స్విచ్ ఏస్తరు. అది నడిచినంక మీరు రెండోది ఎయ్యాలె," అన్నాడు పర్వేజ్ ఇంజనీరుతో.

"అంటే నేను స్టాండ్‌బైనా?"

"మీరు గాదు సార్, పెట్టె!"

"ప్రోటోకాల్ తెలుసా నీకు?"

పోనీ అని చైర్మన్ గారి దగ్గరికి వెళితే ఆయన ఇంతెత్తున లేచారు. "ఏంటయ్యా? నా చేలోంచి పైపు పోనిచ్చింది ఇంకొకడి వెనకాల నిలబడటానికా?"

చివరికి ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది: "ఉభయుల గౌరవమునకు భంగము కలుగకుండా ఏకకాలమున స్విచ్ వేయవలెను." కేబుల్ ఉన్నంతసేపు పెట్టెలే సర్దుకుంటాయిలే అని పర్వేజ్ గుండె చిక్కబట్టుకున్నాడు.

ముహూర్తం పది నలభై రెండు. పంతులు వచ్చాడు, డప్పులు వచ్చాయి, పెద్దలిద్దరూ ఎవరి కత్తెర వాళ్లు తెచ్చుకున్నారు. రిబ్బన్ మాత్రం రాలేదు! అవతలివాళ్లు తెస్తారని ఇవతలివాళ్లు, ఇవతలివాళ్లు తెస్తారని అవతలివాళ్లు. ఇంతలో ఎవరో బుద్ధిమంతుడు రెండు బీరువాల మధ్య వేలాడుతున్న నారింజరంగు తాడును చూసి, దానికి బంతిపూలు కట్టాడు.

"సార్! అది రిబ్బన్ గాదు సార్!" అన్న పర్వేజ్ గొంతు డప్పుల్లో కలిసిపోయింది. పెద్దలు సమాన గౌరవంతో రెండు చోట్ల కత్తిరించి, ఏకకాలమున స్విచ్‌లు వేశారు.

కంట్రోలర్లు రెండూ లేచాయి. పక్కన ఎవరూ పలకలేదు. "అయితే నేనే మొదటిదాన్ని!" అనుకున్నాయి రెండూ. దేని పెత్తనం దానిదే: ఒకటి పంపును నడవమంది, ఇంకొకటి ఆగమంది. పంపు రెండుసార్లు గర్జించి చల్లబడింది. గర్జనకు చప్పట్లు మోగాయి.

"ఏంది సారూ, గాలొస్తుంది?" నల్లా కింద బిందె పెట్టిన గూడెం ఆడమనిషి పూలి కేక పెట్టింది.

పర్వేజ్ గబగబా ఇంజనీరు గారి పెట్టెను ఆపేసి, చైర్మన్ గారి పెట్టె ఒక్కదాన్నే నడిపాడు. నీళ్లు వచ్చాయి. పెద్దలు విడివిడిగా అతన్ని చాటుకు పిలిచి, "నడిచేది నాదేగా?" అని అడిగారు. "అవ్ సార్, మీదే," అన్నాడు ఇద్దరితోనూ. ఆ సంతోషంలో ఎవరి బీరువాకు వారు తాళం వేసుకుని, తాళంచెవులు జ్ఞాపికలుగా పట్టుకుపోయారు.

కొత్త కేబుల్ కావాలని పర్వేజ్ అర్జీ పెట్టాడు. "పెద్దలు కత్తిరించినది రిబ్బన్. రిబ్బన్‌కు మరమ్మతు నిబంధనలలో లేదు," అని జవాబు వచ్చింది.

మూడు వారాలకు పిడుగు పడి చైర్మన్ గారి పెట్టె మాడిపోయింది. రెండోది లేపుదామంటే తాళంచెవి ఇంజనీరు గారి దగ్గర. ఆయనేమో మూడు రోజులు మీటింగ్‌లోనే ఉన్నారు. గూడేలవాళ్లు మళ్లీ వాగులో చెలమలు తవ్వుకున్నారు. పూలి మనవరాలు ఆ బురదనీళ్లు తాగి దవాఖానాలో పడింది. పర్వేజ్‌కు ఆ మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు విచారణకు పెద్దలిద్దరూ దిగారు.

"నాది మొదటినుంచీ స్టాండ్‌బై అండీ! ప్రధానం ఇంజనీరు గారిదే," అన్నారు చైర్మన్ గారు వినయంగా.

"ఎంత మాట! తమరుండగా నేను ముందా? నేనెప్పుడూ తమ వెనకే," అన్నారు ఇంజనీరు గారు, ఇంకా వినయంగా.

ఖాళీ బిందెతో గుమ్మంలో నిలబడ్డ పూలి వింటూనే ఉంది. "ఇద్దరూ ఎనకోల్లే అయితే ముంగటోడు ఎవరు సారూ?"

మొదటిసారిగా పెద్దల చూపులు కలిశాయి. కలిసి పర్వేజ్ మీద వాలాయి.

నివేదిక అక్కడికక్కడే తయారైంది. ఇంజనీరు గారి తాళంచెవిని కాగితం ఎగరకుండా బరువుగా పెట్టి, "తమరు ముందు," "అబ్బే, తమరే ముందు," అనుకుంటూ సంతకాలు చేశారు. వాళ్లు జీపెక్కగానే పర్వేజ్ ఆ తాళంచెవి తీసుకుని బీరువా తెరిచాడు, స్విచ్ వేశాడు. పంపు కదిలింది, పూలి బిందెలో నీళ్లు పడ్డాయి.

అప్పుడు తీరిగ్గా నివేదిక చదువుకున్నాడు. రెండే వాక్యాలున్నాయి.

"ప్రధాన బాధ్యుడు: పర్వేజ్. రేపటి నుండి పనికి రానక్కరలేదు."