అన్నభేది అడుగులు

సలహాల సారు పొద్దున్నుంచీ పెరట్లో గడ్డి దువ్వుతున్నాడు. ఆ పేరు వీధి పెట్టింది. అడగనివాళ్లకి కూడా సలహా చెప్పే ఆయన పెరట్లో గడ్డికన్నా నాచే ఎక్కువ. ఇనుప పళ్ల దంతెతో ఎంత గీకినా, వారం తిరక్కుండా మళ్లీ తివాచీలా పరుచుకునేది.

ఆయన భార్య తోటమాలి కూతురు. తప్పు నేలది కాదు, ఎండ పడనివ్వని పెరటి చెట్టు పెద్ద కొమ్మది, కోసేద్దామని నెల కిందటే చెప్పింది. భార్య సలహా పాటిస్తే వీధిలో ఆయన పరువేం కాను? మర్నాటికల్లా ఇంట్లో రంపం మాయమైంది. ఎక్కడుందో ఆయనొక్కడికే తెలుసు.

ఇవాళ మామగారు వస్తున్నారు. "అల్లుడి చేతిలో గడ్డి కూడా మొలవదు" అని పెళ్లైన కొత్తలో అన్న మనిషి. ఆ మాట పదేళ్లుగా సారుకి గొంతులో ముల్లు.

స్టేషన్‌కి బయల్దేరుతూ భార్య, నాచుని చంపే అన్నభేది పొట్లం చూసి ఆగింది.

"బకెట్‌కి ఒక్క చెంచానండీ. ఆ నీళ్లు తొక్కి ఇంట్లోకి రాకండి."

"నాకు చెప్పకు."

ఆవిడ గేటు దాటగానే పొట్లమంతా బకెట్లో కలిపి పెరడంతా చల్లేశాడు. మధ్యాహ్నానికి నాచు కాటుకలా నల్లబడింది. పక్కింటివాళ్లని గోడ దగ్గరికి పిలిచి మరీ చూపించాడు. గడ్డి కూడా నల్లబడిందేమని వాళ్లడిగితే, బలం పడుతోందన్నాడు.

అప్పుడు తట్టింది, మామగారు రాగానే అడిగేది రంపమేనని. పెరట్లో నీళ్లతొట్టి వెనక దాచినదాన్ని తీసి, తడికాళ్లతో వంటగదిలోంచి పడగ్గదికి వెళ్లి మంచం కిందికి తోశాడు. తెల్లటి నేల మీద తడి ఆరిపోయింది. జాడ లేదు. మీసం దువ్వుకున్నాడు.

నాలుగింటికి తండ్రీ కూతుళ్లు వచ్చారు. మామగారు నల్లటి పెరడు చూశారు. తలెత్తి కొమ్మ చూశారు.

"దీన్ని కొయ్యలేదేమ్మా?"

"రంపం పోయింది నాన్నా."

వెతకని చోటు లేదని సారు వంత పాడాడు. ఆవిడ మాత్రం వంటగది నేలవైపు చూస్తోంది. అన్నభేది నీళ్లు ఆరాక తుప్పురంగు తేలతాయని తోటమాలి ఇంట్లో పుట్టినవాళ్లకి తెలియకపోదు. ఎర్రటి పాదాలు, అయిదేసి వేళ్లతో సహా, పెరటి గుమ్మం నుంచి వంటగది దాటి పడగ్గదిలోకి బారులు తీరి ఉన్నాయి.

ఆవిడ వాటి వెంటే వెళ్లి, రంపంతో తిరిగొచ్చింది.

"ఏమండీ, ఒక సలహా కావాలి. కొమ్మ ఎటునుంచి కొయ్యమంటారు?"

కొమ్మకి ముందు కిందినుంచి గాటు పెట్టాలని మామగారు ఆవిడకి ఏడేళ్లప్పుడే నేర్పారు. ఇప్పుడు కూతుర్ని చూసుకుంటూ ఛాతీ విరుచుకుని నిలబడ్డారు.

సారు అటక కిందున్న నిచ్చెన భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఈసారి చెప్పులు వేసుకుని.