సింగిల్ షాట్ తీర్మానం

“వచ్చిందహో, తుపాకీ వచ్చిందహో” అని దుప్పుల వీధి చివర నుంచి కాకి కేకేసింది.

ఒక పెద్ద అడవిలో ఇలాంటి కేక వినబడితే ఎవరైనా ఏం చేస్తారు? పొదల్లో దూరతారు. ఆ అడవిలో మాత్రం అందరూ ఎదురెళ్లారు. ఎందుకంటే ఆ తుపాకీ వేటగాడిది కాదు, సాక్షాత్తూ అడవి క్రీడా సంఘం వారు తెప్పించుకున్నది. సంఘం చేతిలో తుపాకీ ఉంటే ఎవరికీ ప్రమాదం లేదని వాళ్ల నమ్మకం. పాపం, సంఘం సంగతి వాళ్లకి తెలియదు మరి.

అందరికన్నా ముందు ఉరికింది పోలి. పోలి అంటే కొండముచ్చు. ఉండేలు పట్టిందంటే పదికి తొమ్మిది కొట్టే పిల్ల. ఇంకో పది రోజుల్లో ఏడు అడవుల గురిపోటీ. నెగ్గినవాళ్లకి నేరేడు తోపులో కాపలా ఉద్యోగం. పోలి కన్నంతా దాని మీదే. కానీ ఈ ఏడాది పోటీ ఉండేలుతో కాదు, తుపాకీతో. చేయి అలవాటు పడాలంటే ఈ పది రోజులే గడువు.

పెట్టె తెరిచి చూసింది. తుపాకీ బాగానే ఉంది. తేలిక, సన్న గొట్టం, చెక్క పిడి. కింద గడ్డి తీస్తే ఒక తూటా దొరికింది. గడ్డి అంతా దులిపింది. ఇంకోటి లేదు.

“కార్యదర్శిగారూ, మిగతా తూటాలేవండీ?”

“మిగతావేమిటి?” అంది నక్క, మీసం దువ్వుకుంటూ. “సింగిల్ షాట్ కావాలని సభలో నువ్వే కదమ్మా చెప్పావు?”

ఆ సభ ముచ్చట కూడా చెప్పాలి. అధ్యక్షులు ఎలుగుబంటి భల్లూకరావుగారు. ఆయనకి డబడబా పేలే తుపాకీ కావాలి. ఎందుకయ్యా అంటే చప్పుడు బాగుంటుందట. అప్పుడు పోలి చేతులు కట్టుకుని చెప్పింది: “అయ్యా, నేర్చుకునేవాళ్లకి సింగిల్ షాట్ చాలండి. ఒకసారికి ఒకటే తూటా పడుతుంది. పేల్చాక మళ్లీ ఇంకోటి పెట్టుకోవాలి. చేతిలో పదుంటే తొమ్మిది అశ్రద్ధగా పోతాయి. ఒకటే ఉంటే ఊపిరి బిగబట్టి కొడతాం. ధర కూడా తక్కువ. ఆ మిగిలినదానితో తూటాలు కొనండి.”

చెవులున్నవాళ్లకి ఇంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు? నక్కకి మాత్రం మూడే ముక్కలు వినబడ్డాయి: ఒకటే తూటా, ధర తక్కువ, మిగులుతుంది. చక్కగా తీర్మానం రాసింది: “ఒక తుపాకీ, ఒక తూటా. మిగిలినదానితో ప్రారంభోత్సవ విందు.” విందు అనగానే సభ్యుడు అడవిపంది రెండు కాళ్లూ ఎత్తింది. చదవకుండానే భల్లూకరావుగారు వేలిముద్ర వేశారు.

“ఆ ఒక్కటైనా నా చేతికివ్వండి” అంది పోలి.

“ప్రారంభోత్సవం అధ్యక్షుల వారు చేయాలి. అది పద్ధతి” అంది నక్క.

“ఆయన పేల్చేస్తే నేనేం పేల్చాలండీ?”

“నువ్వు చూసి నేర్చుకో. మేమంతా అలాగే నేర్చుకున్నాం” అంది అడవిపంది. అదేం నేర్చుకుందో అడవిలో ఎవరికీ తెలియదు.

పందిరి వేశారు. తూర్పున గురిచెక్క నిలబెట్టారు. పడమట పొయ్యి మీద గుండిగ నిండా పప్పుచారు కుతకుతలాడుతోంది. భల్లూకరావుగారికి దండ వేశారు. దండలో చామంతులు ముక్కుకి తగిలి, ఆయన తుపాకీ ఎత్తేసరికి తుమ్ము వచ్చింది. రెండు కళ్లూ మూసుకుని, గిర్రున వెనక్కి తిరిగి, ఢాం అనిపించారు.

తూర్పున చెక్క చెక్కు చెదరలేదు. పడమట గుండిగకి చిల్లు పడింది. పప్పుచారు ధారగా వచ్చి, పక్కనే విస్తళ్లు లెక్కపెట్టుకుంటున్న నక్క తోకని తడిపింది. నక్క ఎగిరిన ఎగురు ఆ ఏడాది ఎత్తు దూకే పోటీలో కూడా ఎవరూ ఎగరలేదు.

విందు మట్టిపాలు. జనం గొణుగుతున్నారు. అయితే నక్క అంటే మాటలా? తోక ఊదుకుంటూనే గుండిగ దగ్గరికి వెళ్లి, చిల్లు చుట్టూ సున్నంతో మూడు గుండ్రాలు గీసింది.

“కాల్చినది ఒకటి, తగిలినది ఒకటి. నూటికి నూరు. సరిగ్గా నడిబొడ్డున” అని ప్రకటించింది. “పోలిది చూస్తే పదికి తొమ్మిది. అంటే ఒకటి తప్పే రకమన్నమాట. తప్పేవాళ్లని పోటీకి పంపి అడవి పరువు తీస్తామా?”

సభ చప్పట్లు కొట్టింది. కడుపు కాలుతున్నా చప్పట్లకి లోటు చేయని జాతి అది. ఏడు అడవుల పోటీకి భల్లూకరావుగారి పేరు ఖాయమైంది.

పోలి మొలలోంచి ఉండేలు తీసింది. పక్కన వెలగచెట్టు ఎక్కలేనంత ముళ్లతో ఉంది, కాయలేమో కొసకొమ్మల్లో. ఒక రాయి, ఒక పండు. మళ్లీ ఒక రాయి, మళ్లీ ఒక పండు. నలభై రాళ్లు వేసింది, నలభై పండ్లు రాలాయి. అడవిపంది నోరు తెరిచి చూసింది గానీ, గురి చూసి కాదు, పండు చూసి.

వండడానికి తెచ్చిన బెల్లం మిగిలే ఉంది. వెలగపండ్లు పగలగొట్టి, గుజ్జులో బెల్లం కలిపి, అధ్యక్షులూ కార్యదర్శీ దుప్పులూ కాకీ ఒకే వరసలో విస్తళ్ల ముందు చతికిలబడ్డారు. పోలి కూడా కూర్చుంది, భల్లూకరావుగారి పక్కనే.

నాలుగు ముద్దలు దిగాక ఆయన గొంతు తగ్గించి అడిగారు.

“అమ్మాయ్, అక్కడ పోటీలో ఎన్ని కాల్చాలి?”

“పది అండి.”

ఆయన ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. “మరి రెండో తూటా ఎటునుంచి పెడతారు?”

పోలి గుజ్జు నాక్కుంది, వేలు తుడుచుకుంది.

“సింగిల్ షాట్ కదండీ” అంది. “రెండోది ఉండదు. తీర్మానంలోనే ఉంది, చదువుకోండి.”

నీతి: గురి ఉన్నవాళ్లు పండ్లు రాల్చుకు బతకాలి, గురి లేనివాళ్లకి సున్నం ఉంటే చాలు.