తూర్పు కుళాయి

వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్బైనాలుగులో కొండాపూర్ గ్రామాన, నీళ్ళకు కరెంటు పెట్టి ఉప్పు తీసే యంత్రాన్ని సర్కారువారు స్థాపించారు. ఇంజనీరు నరసింహమూర్తిగారు ముప్పావుగంట ఉపన్యసించారు. "విద్యుత్ ప్రభావమున లవణ కణములు పలుచని పొరలను దాటి ఒక వైపునకు చేరును. తత్ఫలితముగా ఒక కుళాయిన మధుర జలము, వేరొక కుళాయిన లవణ జలము లభించును." ఊరికి రెండు కుళాయిలన్న ముక్క ఒక్కటే అర్థమైంది. రెండెందుకుంటాయో మన ఊళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేదు కదా!

వీరేశం పటేల్ అక్కడికక్కడే పంపకం చేసేశాడు. తూర్పుది ఊరికి, పడమటిది ఊరవతలి వాడకు. ఇంజనీరుగారు అప్పటికే జీపెక్కేశారు.

వాడలో బుచ్చమ్మ మొదటి చెంబు తాగి బిత్తరపోయింది. ఎంత తీపి! ఏనాడూ ఉడకని పప్పు ఆ పూట మెత్తగా ఉడికింది. ఊళ్ళో మాత్రం చాయ్ విరిగింది, సబ్బు నురగ రానంది. అయినా ఎవరూ నోరెత్తలేదు, ఎంచింది పటేలాయె.

సంగతి బయటపడితే నీళ్ళు చేజారతాయని బుచ్చమ్మకు ఒకటే దడ. అందుకే రోజూ బిందె ఎత్తుతూ పటేల్‌కు వినబడేలా తిట్టిపోసేది. "థూ, ఏం నీళ్ళో ఏమో! నోట్ల వెట్టరాకున్నయి. మీదే అదృష్టం పటేలా!" పటేల్ ఉప్పటి మూతి తుడుచుకుంటూ జాలిపడేవాడు.

ఆరు నెలలకు, ఎర్రటి ఎండలో, నరసింహమూర్తిగారు తనిఖీకి వచ్చారు. రెండు కుళాయిలూ పరీక్షించి నెత్తి కొట్టుకున్నారు. "ఎంత పొరపాటండీ పటేల్ గారూ! తూర్పుది పారబోయాల్సిన నీళ్ళండీ. మంచినీళ్ళు పడమటివి!"

నీళ్ళకొచ్చిన బుచ్చమ్మ నిండు బిందెను కింద పెట్టేసింది. ఇగ ఖతం అనుకుంది.

పటేల్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పడమటి నల్లను ఆర్నెల్ల సంది వాళ్ళు ముడ్తుండ్రు సారూ. దానికాడ మేం దోసిలి వడ్తమా? ఉప్పగుంటె ఉండనీ, ఇజ్జత్ పోలే గద!" పంచాయతీ యావత్తూ చప్పట్లు కొట్టింది.

బుచ్చమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నోరు పిడచకట్టుకుపోయిన ఇంజనీరుగారిని చూసి, ఆ సంతోషంలో తన బిందెలోంచి చెంబెడు నీళ్ళు ముంచి చాపింది. "తాగుండ్రి సారూ, మీ చలువే."

ఆ నీళ్ళ గుణం శాస్త్రప్రకారం తెలిసినవారు ఆ చుట్టుపక్కల నరసింహమూర్తిగారొక్కరే. ఆయన చెంబు వంక చూశారు. బుచ్చమ్మ వంక చూశారు. నెమ్మదిగా తూర్పు కుళాయి దగ్గరికి నడిచి, దోసిలి పట్టి కడుపారా తాగారు.

"బాగున్నాయండీ," అన్నారు, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ.