ధూళి పలకా, మా ఆవిడ తడిగుడ్డా

చట్టసభ వారికి ఒక చిన్న మనవి. దయచేసి మా పేట మీద ఉన్న బరువు దించకండి! అలవాటైపోయిన బరువండీ ఇది. ఉన్నట్టుండి దించేస్తే మేం ముందుకు తూలి పడిపోతాం.

సంగతి తెలియని పాఠకుల కోసం కాస్త వివరంగా చెబుతాను. మా నగరంలో అభివృద్ధి అంతా కొండవైపు కాలనీలో ఉంటుంది. ఆ అభివృద్ధి వదిలిపెట్టే పొగ, కంపు, బూడిద, మురుగు మా పేటలో ఉంటాయి. చెత్తగుట్ట, టైర్లు కరిగించే షెడ్డు, తోళ్ళ కార్ఖానా, లారీల డిపో, మురుగు శుద్ధి కేంద్రం, ఐదూ మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. కొండవైపు వాళ్ళు పాపం పార్కుకి వెళ్ళాలన్నా కారు తియ్యాలి.

ఇంతకీ మా పేటలో ఉండేది ఎవరంటారా? ఈ ఊరికి ఆలస్యంగా వచ్చినవాళ్ళం. కొందరి భాష వేరు, కొందరి ప్రార్థన వేరు, జేబులు మాత్రం అందరివీ ఒకలాంటివే. మా పేర్లకు కొండవైపు వాళ్ళ నోరు తిరగదు. కొత్త ఫ్యాక్టరీ ఎక్కడ పెడదామా అని పెద్దలు మ్యాప్ పరిచినప్పుడల్లా, నోరు తిరగని చోట వేలు పెడతారు. అలా పెట్టీ పెట్టీ, మ్యాప్‌లో మా పేట ఉన్నచోట కాగితం చిరిగిపోయిందని ప్లానింగ్ ఆఫీసులో ప్యూనుగా పనిచేసే మా ఎదురింటాయన చెప్పాడు.

అయితే ఏమిటట? మాకేం తక్కువైంది?

మా ఇళ్ళలో క్యాలెండర్లు ఉండవు, అవసరం లేదు కాబట్టి. సోమవారం రబ్బరు కంపు, మంగళ, బుధవారాలు తోళ్ళు, శుక్రవారం చెత్తగుట్ట అంటుకుంటుంది. మా మనవరాలు వారాల పేర్లు ముక్కుతోనే నేర్చుకుంది. "తాతా, ఇవాళ రబ్బరు. రేపు బడికి తోళ్ళరోజు డ్రస్సు వేసుకోవాలి" అంటుంది. ఏ కాన్వెంటులో నేర్పుతారండీ ఇలాంటి చదువు? అదే పిల్ల ఓసారి పుస్తకంలో ఆకాశం నీలంగా ఉండటం చూసి, ముద్రణలో తప్పు పడిందనుకుని బూడిదరంగు పెన్సిల్‌తో దిద్దింది. నేను ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. వంశంలో విద్య నిలబడిందని సంతోషించాను.

చుట్టాల బెడద లేదు. మా బావమరిది పది రోజులు ఉంటానని పెద్ద పెట్టె సర్దుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని అందరి యోగక్షేమాలూ అడిగాడు. పెట్టె కింద పెట్టనేలేదు, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో రెండోపూట భోజనం చేసిన చుట్టం లేడు. కొండవైపు ఎవరికుందండీ ఈ సుఖం?

ఇరుగుపొరుగుతో గొడవలూ లేవు. ఎవరూ కిటికీలు తెరవరు కదా, ఇంక ఎవరి మాట ఎవరి చెవిన పడుతుంది? బట్టల విషయానికొస్తే, తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరితే వీధి మలుపు తిరిగేసరికి అది బూడిదరంగుకి మారుతుంది. ఒకటి కొంటే రెండు వచ్చినట్టే!

ఇక మా ఆవిడ ఆరోగ్యం. ఈ వయసులో ఆమెతో సమానంగా ఒళ్ళు వంచి పనిచేసే మనిషిని మీరు చూపించలేరు. రోజుకి మూడుసార్లు ఇల్లంతా తుడుస్తుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం లారీలు వెళ్ళాక ఒకసారి, సాయంత్రం షెడ్డు చల్లారాక ఒకసారి. కిటికీ ఊచలు, స్విచ్చులు, ఫ్యాను రెక్కలు, కుండీలో మొక్క ఆకులు, గోడ గడియారం నెత్తి, ఆఖరికి నా ముక్కుమీద ఉండగానే నా కళ్ళద్దాలు కూడా. నేను బల్ల దగ్గర కూర్చుని కాలమ్ రాసుకుంటుంటే "కాళ్ళెత్తండి" అంటుంది. ఎత్తుతాను. నా రచనల్లో సగం కాళ్ళు గాలిలో పెట్టుకుని రాసినవే. పాఠకులు కొందరు పసిగట్టి ఉత్తరాలు కూడా రాశారు.

ఆమె సరదాకి తుడవదు. మా అమ్మాయి ఆసుపత్రి లాండ్రీలో పగలు డ్యూటీకి వెళ్తుంది కాబట్టి మనవరాలు మా దగ్గరే పెరుగుతోంది. ఆరేళ్ళది. మనిషి గువ్వపిల్లంత ఉంటుందని గువ్వ అనే పిలుస్తాం. దాని ఛాతీలో పిల్లికూతలు. రెండేళ్ళ వయసులో మొదలయ్యాయి. పరుగెత్తితే కూతలు, నవ్వితే కూతలు. "ఇంట్లో దుమ్ము లేకుండా చూసుకోండమ్మా" అన్నాడు డాక్టరు. వీధిలో దుమ్ము గురించి ఆయనేమీ అనలేదు, అది ఆయన శాఖ కాదు. ఆవేళ పట్టుకున్న తడిగుడ్డ మా ఆవిడ ఇప్పటిదాకా వదల్లేదు.

ఇంత హాయిగా బతుకుతున్న మా మీద కన్నుకుట్టి, చట్టసభ వారు కిందటేడు ఓ చట్టం చేశారు. బీదసాదలు, అల్పసంఖ్యాకులు ఉండే పేటల మీద ఇప్పటికే ఎంత భారం ఉందో కొలవాలట. హద్దు దాటితే అక్కడ కొత్త భారం పెట్టకూడదట. ఊళ్ళో ఏ కొత్త భారం వచ్చినా, అన్నిటికంటే తేలిగ్గా ఉన్న పేటకే పోవాలట!

చదవగానే నాకు కొండవైపు వాళ్ళమీద జాలేసింది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రుల చెత్త కాల్చడానికి ఓ పెద్ద కొలిమి వచ్చి, ఎక్కడ దిగాలా అని ఎదురుచూస్తోంది. ఈ చట్టం లెక్కన అది కొండవైపు దిగాలి. వాళ్ళ తెల్ల కర్టెన్లు ఏం కాను? వాళ్ళ కుక్కలకి దగ్గొస్తే ఎవరిది పూచీ?

చట్టం అన్నాక అమలు చెయ్యక తప్పదు కదా. కొలతల ఆఫీసు నుంచి ఓ కుర్ర ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచాడు. వీధికి మధ్యలో ఉందని మా మేడమీది పిట్టగోడని ఎంచుకుని, జానెడు తెల్లటి గాజు పలక ఒకటి బిగించాడు.

"నెల్లాళ్ళు ఇది ఇక్కడే ఉండాలి మాస్టారూ. దీనిమీద ఎంత దుమ్ము పడిందో చివర్లో తూచి చూస్తాం. మీ పేట మీద భారం ఎంతో అదే చెబుతుంది."

పక్కన గోడకి "తాకరాదు" అని కాగితం కూడా అంటించి వెళ్ళాడు. అతని తప్పేమీ లేదు.

రెండోరోజుకి ఆ కాగితం నల్లబడింది. మూడోరోజు మా ఆవిడ దాన్ని తుడిచింది. అక్షరాలు మసితో పాటే గుడ్డకి వచ్చేశాయి. ఇక పలక సంగతి చెప్పాలా? ప్రభుత్వం వాళ్ళు వీధి మొత్తంలో మన గోడని నమ్మి పెట్టిన వస్తువాయె! సొంత సామాను కంటే ముందు దాన్నే తుడిచేది. రోజుకి మూడుసార్లు, నెల్లాళ్ళు. ఆఖరివారం సబ్బునీళ్ళతో కూడా కడిగింది.

మరి నువ్వేం చేస్తున్నావయ్యా అంటారా? ఇలాంటి చట్టాలవల్ల ఒరిగేదేమీ లేదని కాళ్ళెత్తుకుని కాలమ్ రాస్తున్నాను.

నెలాఖరున ఆఫీసు నుంచి వేరే మనిషి వచ్చి పలక విప్పుకుపోయాడు. పోయేముందు అందులో చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. మా ఆవిడ మురిసిపోయింది. పది రోజులకి ఉత్తరం వచ్చింది. మా పేట మీద ధూళి భారం శూన్యం! కొండవైపు కాలనీ పలకమీద మాత్రం కాస్త పుప్పొడి, ఓ సీతాకోకచిలుక రెక్క ముక్క దొరికాయట. ఆ లెక్కన భారం మోస్తున్నది వాళ్ళే. కాబట్టి చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించి, కొలిమిని మాకు కేటాయించారు.

తేడా గమనించారా? ఇన్నాళ్ళూ ఏదొచ్చినా అలవాటుకొద్దీ మా నెత్తిన పెట్టేవారు. ఇప్పుడు చట్టప్రకారం పెట్టారు. మా హోదా పెరిగింది! కౌన్సిలర్‌గారు స్వయంగా కారు అద్దాలు దించకుండా మా వీధికి వచ్చి, ఊళ్ళోకెల్లా శుభ్రమైన పేట అని ప్రశంసాపత్రం ఇచ్చి వెళ్ళారు. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాం. వారానికి అద్దం నల్లబడింది.

దాన్ని మా ఆవిడ తుడుస్తుందనుకున్నాను. తుడవలేదు. ఉత్తరం నేను రెండోసారి చదివి వినిపించాక, గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అయితే నేను తుడిచినందుకేనా ఏమండీ ఇది?"

నోటినిండా వ్యంగ్యం పెట్టుకుని బతికేవాణ్ణి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రం మా ఇల్లు తుడవలేదు. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ వచ్చి, "నువ్వు కాకపోతే మాలో ఎవరమో తుడిచేవాళ్ళం అక్కా, చూస్తూ ఊరుకుంటామా" అని సముదాయించింది. ఆ రాత్రి గడవకముందే గువ్వకి కూతలు ఎక్కువయ్యాయి. తెల్లారేసరికి మా ఆవిడ మళ్ళీ గుడ్డ తడిపింది.

ఆ మధ్యాహ్నం ఆమె నన్ను వెంటబెట్టుకుని కొలతల ఆఫీసుకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మళ్ళీ కొలవమంది. మొదటి కొలత తప్పని నమ్మడానికి ఆధారం కావాలన్నారు వాళ్ళు. ఆధారం చూడటానికి అదే కుర్ర ఇన్‌స్పెక్టర్ ఓ ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"పాత దుమ్ము చూపిస్తే చాలమ్మా. చాలాకాలంగా మీరు తుడవని వస్తువు ఏదైనా ఉందా ఇంట్లో?"

అతను బీరువా మీద వేలితో రాసి చూశాడు. గడియారం వెనక చూశాడు. మంచం కిందికి దూరాడు. ఎక్కడా రవ్వంత దొరకలేదు. అలమరలో నా పాత కాలమ్‌ల కట్ట మీద కూడా లేదు. ఆ పనిమంతురాలిని చేసుకున్నందుకు జీవితంలో మొదటిసారి విచారించాను.

"ఒక్కటుంది బాబూ. అక్కడికి నా చెయ్యి పోలేదు" అంది మా ఆవిడ.

గువ్వని పిలిచింది. పిల్లని అతని ముందు వెనక్కి తిప్పి నిలబెట్టి, అతని అరచేయి తీసుకుని దాని వీపుమీద ఆనించింది.

"గాలి పీల్చమ్మా. గట్టిగా."

గువ్వ పీల్చింది. బుద్ధిమంతురాలు, చెప్పకపోయినా ఇంకోసారి పీల్చింది. ఆ కూత గది అవతల ఉన్న నాకే వినిపించింది. చేతికింద అతనికెలా తెలిసిందో మరి, చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఆరేళ్ళ నుంచీ ఈ గాలే పీలుస్తోంది బాబూ. ఒక్కసారి కూడా తుడవలేదు."

"దీన్ని తూచే పద్ధతి మా దగ్గర లేదమ్మా" అన్నాడు మెల్లగా. అని ఫారం విప్పి, తుడవని వస్తువు అన్న గడిలో "మనవరాలు, ఆరేళ్ళు" అని రాసి సంతకం పెట్టాడు. ఆఫీసులో తిడతారేమో అన్నాను. తిడితే తిట్టనివ్వండి మాస్టారూ అన్నాడు. వెళ్ళేముందు పిట్టగోడ మీద కొత్త పలక బిగించాడు.

చట్టసభ వారూ, నా మనవి వెనక్కి తీసుకుంటున్నాను. బరువు దించండి. తూలి పడితే పడతాం, లేస్తాం. మీ చట్టం మంచిదే. కాకపోతే మా గోడలమీద ఎంత పడిందో అడుగుతోంది, మా పిల్లల్లో ఎంత పడిందో అడగడం లేదు. ఆ గడి ఒకటి కలపండి. కొలిమి పునాదులకి ముగ్గు పోసే లోపల కలపండి.

ఇవాళ్టికి మూడోరోజు. కొత్త పలక మీద అప్పుడే మసి పేరుకుంది, మా ఆవిడ దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటోంది. ఇందాక "కాళ్ళెత్తండి" అంటే నేను ఎత్తలేదు. లేచి రెండో గుడ్డ అందుకున్నాను.

మీ పలక నెల్లాళ్ళు ఆగగలదు. గువ్వ ఆగలేదు, అది రోజూ గాలి పీల్చుకోవాలి.