మూడు రోజులు కుళాయిలు బంద్

పళ్ళ డాక్టరు ఆ ఉదయం కాఫీ కూడా నిలబడే తాగేశాడు. పది గంటలకు హెడ్మాస్టరు వస్తున్నాడు. ఆరువందల మంది పిల్లలను కంటిచూపుతో కూర్చోబెట్టే ఆ పెద్దమనిషి, డ్రిల్లు చప్పుడు వినగానే కుర్చీ దిగి కాళ్ళకు బుద్ధి చెబుతాడు. ఇప్పటికి రెండుసార్లయింది. "ఈసారీ కుదరకపోతే నా పన్నూ, మా బడిపిల్లల పళ్ళ పరీక్షలూ వేరే డాక్టరుకే" అని నిన్న ఫోనులో తేల్చి చెప్పాడు. ఆ పరీక్షల మీద డాక్టరు ఏడాదిగా ఆశ పెట్టుకుని ఉన్నాడు.

డ్రిల్లు చప్పుడు వినపడకుండా వేణుగానం పెట్టడం అతని ఉపాయం. అందుకే రెండు స్పీకర్లు కొన్నాడు. ఒకటి కింద క్లినిక్కులో, ఇంకొకటి పైన రెండో అంతస్తులో తన ఇంటి వంటగదిలో. రెంటికీ ఒకటే అకౌంటు. "ఒకే ఇంటివాళ్ళం, రెండెందుకు?" అన్నాడు భార్యతో. ఒకచోట పలికితే రెండోది నోరు మూసుకుంటుందని అట్టపెట్టె మీద రాసే ఉంది. అట్టపెట్టె మీద రాసింది చదివే అలవాటు మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"నర్సమ్మా, డ్రిల్లు ఆగినా ఫరవాలేదు, పాట ఆగకూడదు" అని పదిహేనేళ్ళుగా తన దగ్గర పనిచేస్తున్న నర్సుకు ఒకటికి రెండుసార్లు చెప్పి డాక్టరు పనిలోకి దిగాడు.

వేణువు మోగుతోంది. హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. డ్రిల్లు పంటిని తాకిందో లేదో, పాట టక్కున ఆగిపోయింది. గుయ్యిమనే చప్పుడు ఒక్కటే మిగిలింది. హెడ్మాస్టరు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. నర్సు ఒక్క ఉదుటున వెళ్ళి స్పీకరు మీట నొక్కింది. వేణువు మళ్ళీ మొదలైంది.

పాట ఆగడానికి కారణం పైన వంటగదిలో ఉంది. కూరగాయలు తరుగుతూ వార్తలు వినాలని డాక్టరు భార్యకు ఆ రోజే సరదా పుట్టింది. "మూడు రోజులు కుళాయిలు బంద్! వివరాలు..." అంటూనే స్పీకరు గప్‌చిప్‌. ఆవిడ మళ్ళీ నొక్కింది. వార్తలు మొదటి నుంచి అందుకున్నాయి. "మూడు రోజులు కుళాయిలు బంద్! వివరాలు..." మళ్ళీ గప్‌చిప్‌. కింద నర్సు మెరుపులా ఉంది మరి.

"రెండుసార్లు చెప్పింది. ఇంకేం చెప్పాలి, పాపం" అనుకుని ఆవిడ కత్తి పక్కన పెట్టి బిందెలు దించింది. కుళాయి తిప్పి, కింద బిందె పెట్టి, పరుగున వెళ్ళి ఎదురింటి తలుపు తట్టింది.

"పిన్నిగారూ, మూడు రోజులు నీళ్ళు రావట!"

"ఎవరు చెప్పారమ్మా?"

"వార్తల్లో చెప్పారు. నా చెవులారా విన్నాను."

పావుగంటలో ఆ భవనంలోని ఆరిళ్ళలోనూ కుళాయిలన్నీ తెరుచుకున్నాయి. మేడ మీది ట్యాంకు ఖాళీ అయింది.

కింద డాక్టరు డ్రిల్లు పని ముగించి, పన్ను కడగబోయాడు. నీళ్ళు రాలేదు. హెడ్మాస్టరు నోటి నిండా పంటి పొడి. పుక్కిలించాలని సైగ చేస్తున్నాడు, ఉమ్మలేడు, మింగలేడు. ఒక కాలు అప్పుడే నేల మీద పెట్టాడు.

నర్సు పైకి పరిగెత్తింది. రెండు నిమిషాల్లో డాక్టరు భార్యే నీళ్ళ కూజాతో దిగి వచ్చింది.

"నాకు ముందే తెలుసండీ! మూడు రోజులు ఊరంతా ఇంతే. వార్తల్లో చెప్పారు."

హెడ్మాస్టరు ఆమె అందించిన నీళ్ళతో గబగబా పుక్కిలించాడు. "మా ఇంట్లో ఒక్క బిందె కూడా నింపలేదే!" అంటూ ఫోను తీసి, తెరిచిన నోరు మూయకుండానే తన భార్యకు సందేశం టైపు చేయసాగాడు. తర్వాత ఉపాధ్యాయులకు, ఆ తర్వాత ఆరువందల మంది తల్లిదండ్రుల గ్రూపుకు పంపాడు. ఈలోగా డాక్టరు పన్ను నింపేశాడు. ఆ సంగతి హెడ్మాస్టరుకు తెలియనే లేదు.

"అయిపోయిందండీ."

"ఏది?" అన్నాడు హెడ్మాస్టరు.

డాక్టరుకు ప్రాణం లేచి వచ్చింది. భార్య కూడా సంబరపడి, "మిగతా వార్తేమిటో విందాం" అని క్లినిక్కులోని స్పీకరులో పాట మార్చి వార్తలు పెట్టింది.

"మూడు రోజులు కుళాయిలు బంద్! వివరాలు: ఇలా సాగుతున్న పుకారును నమ్మవద్దని, నీళ్ళకు ఏ కొరతా లేదని అధికారులు తెలిపారు."

హెడ్మాస్టరు తన ఫోను వంక చూసుకున్నాడు. సందేశాన్ని అప్పటికే నాలుగువందల మంది చదివారు. "ధన్యవాదాలు సార్, అందరికీ పంపిస్తున్నాం" అని జవాబులు వస్తూనే ఉన్నాయి.

ఆయన మెల్లగా లేచి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. పన్ను గురించి కూడా ఆయన ఎన్నడూ అంత భయపడలేదు.

"డాక్టరుగారూ, పిల్లలందరినీ మీ దగ్గరికే పంపిస్తాను. ఇది పుకారని మాత్రం మీరు ఎవరి దగ్గరా నోరు తెరవకండి."

ఆ రోజు ఊరంతా ఒకేసారి నీళ్ళు పట్టింది. మధ్యాహ్నానికి పెద్ద పంపు మోటారు కాలిపోయింది. సాయంత్రం వంటగదిలో స్పీకరు, మరమ్మతుల కోసం మూడు రోజులు కుళాయిలు బంద్ అని వివరాలతో సహా చదివింది. నీళ్ళు లేక క్లినిక్కు మూసేయడంతో, ఈసారి వార్త మధ్యలో ఆగలేదు.