మిక్సర్ వచ్చాక ఎవరి పిండి వారిదే

ఇల్లాలికి రెండు చేతులే ఇచ్చి దేవుడు కాస్త తొందరపడ్డాడని నా అభిప్రాయం. ఆ లోటు తీర్చడానికే పిండి పిసికిపెట్టే స్టాండ్ మిక్సర్ పుట్టింది. ఇలా అన్నానని నా భక్తిని శంకించకండి. ఉన్న మాట చెబుతున్నాను, అంతే.

మా వంటింట్లో అది వెలిసి ఆరు నెలలైంది. వెలిసి అని ఊరికే అనలేదు. బరువు పదకొండు కిలోలు. ఒకచోట పెట్టాక ఇక కదలదు, మనమే కదలాలి. దానికోసం డబ్బాలు అటకెక్కాయి, స్టవ్వు మూలకి జరిగింది, కిటికీ పక్కనుండే స్టూలు వరండాలోకి పోయింది. ఇంటికొచ్చినవాళ్లు ముందు దాన్ని చూసి, ఆ తర్వాత నన్ను పలకరిస్తున్నారు. ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

పిండి ముట్టుకునే ముందు దేవుణ్ణి ప్రార్థించాలని మా అత్తయ్య నేర్పింది. ఇప్పుడు పిండిని ముట్టుకునేది మిక్సర్. మరి ప్రార్థన ఎవరు చెయ్యాలి? వారం రోజులు ఆలోచించాను. స్విచ్ వేసే వేలు నాదే కనుక ప్రార్థనా నాదేనని తేల్చుకున్నాను. దాని మోతలో నా మాటలు నాకే వినబడవు. ఆయనకి వినబడుతున్నాయనే నమ్మకం.

ఇదివరకు శనివారం వస్తే ఎంత అవస్థ! వారానికి సరిపడా బ్రెడ్డు రెండిళ్లకీ మేమే కాల్చుకునేవాళ్లం. అంత పిండి నా ఒక్కదానివల్ల అయ్యేది కాదు. పక్క వాటాలో ఉండే మా తోటికోడలు జాకెట్ చేతులు పైకి మడుచుకుంటూ వచ్చేది. పెద్ద బేసిన్‌కి అటొకరం, ఇటొకరం కూర్చుని అరగంట పిసికేవాళ్లం. చేతులతో పాటు నోళ్లూ ఆడేవి.

"అక్కా, అది పిండి. బావగారు కాదు. కాస్త మెల్లగా గుద్దు."

"నువ్వూరుకోవే. ఈ వారం ఆయన చేసిన పనికి ఇంకో రెండు గుద్దాలి."

ఎంత కాలం వృథా అయ్యేదో చూడండి. వాళ్ల పిల్లవాడి జ్వరం, నా మోకాలి నొప్పి, అన్నదమ్ములిద్దరి గురక, అన్నీ ఆ పిండిలోనే కలిసేవి. ఒక శనివారం ఇద్దరం ఉప్పు మరిచిపోయాం. మరో శనివారం ఇద్దరం వేశాం. మిక్సర్‌తో ఆ బెడద లేదు. ఉప్పు వేసే సమయానికి అది కబుర్లలోకి దించదు.

ఎనిమిది నిమిషాల్లో పని పూర్తి. మిక్సర్ వచ్చిన తొలి శనివారం ఆమె అలవాటు ప్రకారం వచ్చి, అది తిరుగుతుంటే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇంక నాతో పనేముందక్కా?"

"ఏం లేదే. హాయిగా కూర్చో," అన్నాను.

కూర్చునే చోటేదీ? కాసేపు నిలబడి వెళ్లిపోయింది. పాపం, విశ్రాంతి దొరికిందనే సంతోషించాను.

నెల తిరక్కుండా ఆమె కూడా ఒకటి కొనుక్కుంది. మాది ఎరుపు, వాళ్లది నీలం. ఇప్పుడు శనివారం గోడకి ఇటొక మోత, అటొక మోత. ఆమె మిక్సర్ ఏ స్పీడ్‌లో ఉందో నాకు ఇక్కణ్ణుంచే తెలిసిపోతుంది. ఆమె ఎలా ఉందో తెలియదు. వాళ్ల పిల్లవాడికి కళ్లజోడు వచ్చిందన్న సంగతి మొన్న పాలతను చెబితే తెలిసింది. గోడ పక్కన ఉన్న పెద్దమ్మని నేను. వీధిలో ఉన్న పాలతను నాకు చెప్పాడు. సౌకర్యం అంటే ఇదే కాబోలు.

పోయిన శనివారం పిండి, ఈస్ట్, నీళ్లు గిన్నెలో పోశాను. ప్రార్థన చేశాను. స్విచ్ మీద వేలు పెట్టాను కానీ, నొక్కబుద్ధి కాలేదు. వెళ్లి పక్క తలుపు తట్టాను. లోపల మోత ఆగింది. ఆమె తలుపు తీసింది, చేతికి పిండైనా అంటలేదు.

"మా మిక్సర్ పాడైందే," అన్నాను, ప్రార్థన చేసిన నోటితోనే.

ఆమె నా ముఖం చూసింది. తల తిప్పి తన వంటింటి వైపు చూసింది.

"చిత్రంగా ఉందక్కా. మాదీ ఇప్పుడే పాడైంది."

సగం కలిసిన పిండి గిన్నెని చంకన పెట్టుకుని నా వెంటే వచ్చేసింది. నేల మీద బేసిన్ పెట్టుకుని, అరగంటలో అయ్యే పనిని గంటంపావు చేశాం. బ్రెడ్డు గట్టిగా వచ్చింది. మా ఆయన మూడు ముక్కలు నమిలి, దవడ పట్టుకుని, మిక్సర్‌ని రిపేరుకి ఎప్పుడిస్తావని అడిగాడు. తొందరేం లేదన్నాను.

ఈ రెండు అబద్ధాలనీ దేవుడు ఏ కంటితో చూస్తాడో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. నాకు తెలిసిందల్లా ఒక్కటే. ప్రతి ఇంట్లోనూ స్టాండ్ మిక్సర్ ఉండి తీరాలి. అది లేని ఇల్లాలు పాపం, ఏది పాడైందని చెప్పి పక్కింటి తలుపు తడుతుంది?