తల్లికింకా కబురు అందలేదు

ఆ శుక్రవారం ఉదయం అప్పలరమణ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి తన ఆడ గుర్రాన్ని డాక్టరుకు చూపించాలి. తొమ్మిదింటికి బెల్లం వ్యాపారి త్రినాధరావు కొడుకును దానిమీద ఎక్కించి కల్యాణ మండపానికి చేర్చాలి. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం అనకాపల్లిలో అతనొక్కడికే ఉంది. దానికా వయసు పైబడుతోంది. రెండేళ్లుగా జత కట్టిస్తున్నా చూలు నిలవడం లేదు. ఈసారీ నిలవకపోతే దాని తర్వాత ఆ పాకలో మరో గుర్రం ఉండదు. పధ్నాలుగు రోజుల కిందట నక్కపల్లిలో ఒకరి మగ గుర్రం దగ్గరకు తీసుకెళ్లి వచ్చాడు. అప్పట్నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

డాక్టర్ ఉమామహేష్ ఊరికి కొత్త. గుర్రపు చూలు మీద, అందులోని ఏవో ప్రోటీన్ల మీద పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ గేదెలు తప్ప మరొకటి చూడలేదు. స్కానింగు తెరమీద ద్రాక్షపండంత నల్లటి చుక్క కనబడేసరికి ఆయనకు పూనకం వచ్చినంత పనయింది.

"అదిగో పిండం! ఇది ఒకచోట ఉండదు. గర్భమంతా ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ 'నేనున్నానమ్మా' అని తల్లికి చెప్పుకుంటుంది. ప్రోటీన్లు ఆ కబురు మోస్తాయి. పదహారో రోజు లోపల తల్లికి అది అందాలి. అందలేదా, కడుపులో ఏమీ లేదనుకుని మళ్లీ ఎదకొచ్చేస్తుంది. ఇదొక సంభాషణయ్యా, అద్భుతమైన సంభాషణ!"

"ఇప్పటికి అందీసిందేటి బాబూ?"

"ఇంకా లేదు. రెండ్రోజులు గుర్రాన్ని కంగారు పెట్టకు," అని డాక్టరు చేతులు కడుక్కుని గేదెల దగ్గరకు వెళ్లిపోయాడు.

అప్పలరమణ దారిపొడవునా ఆలోచించాడు. లోపల ద్రాక్షపండంత పిల్ల. దాని గొంతెంత? బయట ఊరేగింపులో సత్తియ్య బ్యాండు. ఆరు డప్పులు, నాలుగు బాకాలు. ఆ హోరులో తల్లికి ఏం వినబడుతుంది? ఇంటికొచ్చి పెళ్లాం తలగడ చింపి, ఆ దూది గుర్రం చెవుల్లో కూరాడు.

"మీ అమ్మ పిలిత్తే ఏనాడైనా పలికేవేటి? గుర్రం పిల్ల మాటకి ఇంత సేత్తన్నావు," అంది పెళ్లాం తలుపులమ్మ.

"నువ్వూరుకో! నువ్వు మాటాడితే దానికి ఇనిపించదు."

పెళ్లివారింటి దగ్గర సత్తియ్య అడ్డం తిరిగాడు. "పెళ్లికి పిలిసి ఊదొద్దంతే ఎలాగ బావా?" అన్నాడు. అప్పలరమణ అతన్ని వదిలేసి పెళ్లికొడుకు దగ్గరకు వెళ్లాడు. స్కూటరు తప్ప మరేదీ ఎక్కని మనిషి అతను.

"బాబూ, సప్పుడైతే ఇది బెదురుతాది. బెదిరితే పడగొట్టెత్తాది. ఆపైన మీ ఇష్టం."

పెళ్లికొడుకు మొహం పసుపు రాయకుండానే పచ్చబడింది. "మండపం గేటు దాకా ఎవడూ కిక్కురుమనకూడదు!" అని ఆజ్ఞాపించాడు. కాదనడానికి తల్లిదండ్రులు అక్కడ లేరు, అతిథుల కోసం ముందే మండపానికి వెళ్లిపోయారు.

ఊరేగింపు బయలుదేరింది. బాకాలు చంకల్లో పెట్టుకుని, తలలు దించుకుని బ్యాండువాళ్లు ముందు నడిచారు. పెళ్లికొడుకు గుర్రం మెడ కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. వెనక చుట్టాలు ఎందుకో తెలియకపోయినా గుసగుసగానే మాట్లాడుకున్నారు. ఎదురొచ్చిన బస్సు హారను కొట్టలేదు. సైకిళ్లవాళ్లు దిగి నిలబడ్డారు. నాలుగురోడ్ల దగ్గర టీకొట్టు పరదేశి రేడియో కట్టేసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని దగ్గరకొచ్చాడు.

"ఎవలు రమణా?" అన్నాడు లోగొంతుకతో.

అప్పలరమణ పెదవులమీద వేలు పెట్టాడు. "సప్పుడు సెయ్యకు మామా. తల్లికింకా కబురు అందలేదు."

"అయ్యయ్యో! మరెవలు సెప్తారు?"

"ఎల్లుండి దాకా టైముంది. నెమ్మదిగా ఆడే సెప్పుకుంతాడు."

పరదేశి గుర్రం మెడమీద వాలిపోయిన పెళ్లికొడుకును చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. టీకొట్టు పక్కనే అతనికి టెలిఫోను బూతు కూడా ఉంది.

ఊరేగింపు మలుపు తిరక్క ముందే వార్త మండపంలో దిగింది. సన్నాయి ఆగింది. ఎవరు పోయారో తేలితే గాని ఎన్నాళ్ల మైలో చెప్పలేనని పురోహితుడు పంచాంగం మూశాడు. వంటవాడు గారెల మూకుడు దించేశాడు. పెళ్లికొడుకు తల్లి బుల్లమ్మ ఎటు వెళితే అటు మాటలు ఆగిపోయాయి. ఒకామె సోడా ఇచ్చింది, ఇంకొకామె తల నిమిరింది. త్రినాధరావు దగ్గరకు అయిదుగురు వచ్చి, "ఆవిడకు మాత్రం చెప్పకండి," అన్నారు. ఏది చెప్పకూడదో ఆయనకు తెలియదు. తెలియదంటే పరువు తక్కువ కాబట్టి గంభీరంగా తల పంకించాడు.

సరిగ్గా అప్పుడు గేటులో గుర్రం కనబడింది. బ్యాండు లేదు. దానిమీద కొడుకు కదలకుండా వాలి ఉన్నాడు.

"ఓరి నా నాయనో!" అని బుల్లమ్మ పరిగెత్తింది. వెనకాల రెండొందల మంది. ఆ కేకకు కళ్లు తెరిచిన పెళ్లికొడుకు, గుర్రం బెదిరిందనుకుని తనే బెదిరి, సత్తియ్య పెద్ద డప్పు మీద పడ్డాడు. డప్పు 'ఢాం' అంది.

"బతికే ఉన్నాడు!" అని ఎవరో అరిచారు.

ముహూర్తానికి పదకొండు నిమిషాలుంది. త్రినాధరావుకు ఇంతసేపటికి తెలిసిన సంగతి ఒకటి దొరికింది. "సూత్తారేటి? వాయించండి! మా ఇంట్లో ఎవలూ పోలేదని ఊరంతా ఇనపడాలి!"

గంటసేపు బిగబట్టుకున్న ఊపిరంతా బాకాల్లోంచి ఒక్కసారి వచ్చింది. టపాకాయలు పేలాయి. తొక్కిసలాటలో గుర్రం చెవుల్లోంచి దూది ఊడి పడింది. ఏడేళ్ల అలవాటు, మొదటి దరువుకే ముందుకాలెత్తి ఆడడం మొదలెట్టింది.

"ఆపండి, నా పిల్ల మాట మునిగిపోనాది!" అంటూ అప్పలరమణ దాని పొట్ట కావలించుకుని భోరుమన్నాడు. ఆనందబాష్పాలనుకుని ఎవరో అతని నోట్లో లడ్డూ కుక్కారు.

రెండ్రోజుల తర్వాత హంతకుడిలా డాక్టరు ముందు నిలబడ్డాడు. తెరమీద నల్లచుక్క కాస్త పెద్దదై, ఒకచోట కుదురుగా ఉంది.

"తిరగడం ఆపి కూర్చుంది. తల్లికి కబురు అందిందయ్యా!" అన్నాడు డాక్టరు.

"అంత సప్పుడులో ఎలాగినిపించిందండి బాబూ?"

"వినిపించడమేమిటి? ప్రోటీన్లకు నోరెక్కడిది? గర్భానికి చెవులెక్కడివి? ఇలాంటి తెలివితక్కువ మాటలు నీకు చెప్పిందెవరసలు?"

అప్పలరమణ ఆయన మొహంలోకి చూశాడు. గుర్రాన్ని తోలుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆ శుక్రవారం అనకాపల్లిలో చెప్పిన కబురును చెప్పినట్టుగా అందుకున్నది ఆ గుర్రం ఒక్కటే.